మేనత్తను సంపాదించి ఉద్యోగం పోగొట్టుకున్న వైనం

ముందే చెప్పేస్తున్నాను, ఇది ఘోరమైన కథ. ఇందులో ఒక చక్కటి ఉద్యోగం నా చేతిదాకా వచ్చి, మా ఇంటిల్లిపాది చలవ వల్ల వెనక్కి వెళ్ళిపోతుంది. నవ్వొస్తే మొహమాటపడకుండా నవ్వండి, నేనేమీ అనుకోను. అప్పట్లో మాత్రం నాకు కొన్నాళ్ళపాటు అన్నం సహించలేదు.

ఆ రోజుల్లో నేను ఒడిశా తీరంలోని ఛత్రపూర్‌లో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పనిచేసేదాన్ని. రోజూ బరంపురం నుంచి బస్సులో వెళ్ళి రావడం. తుఫాను వస్తోందంటే సముద్రం ఒడ్డు ఊళ్ళ జనాన్ని బతిమాలి, తిట్టి, బుజ్జగించి షెల్టర్లకు చేర్చడం, అది దాటిపోయాక ఎవరి ఇల్లు పడిందో, ఎవరి పడవ పోయిందో తిరిగి కనుక్కోవడం మా పని. పని నాకు ప్రాణం. కానీ ఆ ఏడాది మార్చితో మా ప్రాజెక్టు మూతపడుతుందనీ, ఆపైన ఎవరి దారి వాళ్ళు చూసుకోవాలనీ మా సెక్రటరీ గారు టీ తాగుతూ చల్లగా చెప్పేశారు. ఈ పని మానేసి ఏదో దుకాణంలో కౌంటరు దగ్గర కూర్చోవడం తలచుకుంటేనే నాకు ఏడుపు వచ్చేది.

అలాంటి సమయంలో ఇంటర్నెట్‌లో ఒక వెబ్‌సైట్ దొరికింది. సేవా సంస్థల్లో, విదేశీ సాయం మీద నడిచే సంస్థల్లో పనిచేసే మాలాంటివాళ్ళ కోసమే పెట్టారట. ఖాళీల కబుర్లు, రెజ్యూమే ఎలా రాయాలో పాఠాలు, పెద్ద పెద్ద వాళ్ళ ప్రసంగాలు, అన్నీ ఉన్నాయి. అందులో ఒకావిడ రోజూ కనిపించి ఒకటే మాట చెప్పేది. ఉద్యోగం కావాలంటే ముందు మనుషుల్ని సంపాదించుకోవాలి. దాని పేరు నెట్‌వర్కింగ్.

ఆవిడ సూత్రాలు కూడా చెప్పింది. నువ్వెవరో అర నిమిషంలో చెప్పడం నేర్చుకో. ఎదుటివాళ్ళకూ నీకూ కలిసే సంగతి ఒకటి వెతుకు. ఉద్యోగం అడక్కు, సలహా అడుగు. పరిచయమైనవాళ్ళను వదిలిపెట్టకు. నేను ఇవన్నీ కంఠతా పట్టి, అద్దం ముందు నిలబడి అర నిమిషం ఇంగ్లీషు ప్రసంగం సాధన చేయడం మొదలెట్టాను. మా అమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది.

"ఏటే వసూ, అద్దంతో మాటాడతన్నావు?"

"నెట్‌వర్కింగ్ అమ్మా."

"అద్దంలో నువ్వే కదే ఉన్నావు, ఇంకెవులున్నారు?"

అమ్మకి ఇలాంటివి అర్థం కావులే అనుకున్నాను. చూశారా నా పొగరు! మా అమ్మకి గేట్ బజార్‌లో తెలియని దుకాణం లేదు, దాని వెనక వీధుల్లో తెలియని పేరంటాలు లేదు. ఎవరింట్లో పెళ్ళయినా, పురుడైనా ముందు కబురు మా ఇంటికే వస్తుంది. ఆవిడకి నేను మనుషుల్ని సంపాదించుకోవడం గురించి పాఠం చెప్పబోయాను. ఆ మర్నాడే గేట్ బజార్‌లో కూరగాయలమ్మే ఆవిడ మీద నా అర నిమిషం ప్రసంగం తెలుగులో ప్రయోగించాను. ఆవిడ ఓపిగ్గా అంతా విని, "వంకాయలు కేజీ ఇయ్యమంటావా, అర కేజీయా?" అంది.

ఇంతలో గోపాల్‌పూర్‌లో ఒక సమావేశం వచ్చింది. జిల్లాలో తుఫాను పనులు చేసే సంస్థలన్నింటినీ పిలిచారు. నా కన్ను మాత్రం ఒకే మనిషి మీద ఉంది. ఆవిడ పేరు విశాలాక్షి. ఒక పెద్ద అంతర్జాతీయ సంస్థకు ఒడిశా అంతటికీ అధిపతి. భూకంపాలొచ్చిన దేశాల్లో, యుద్ధాలు జరిగిన దేశాల్లో శిబిరాలు నడిపిన మనిషి. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, నూలు చీర కట్టుకుని, ఎవరు మాట్లాడినా సూటిగా కళ్ళలోకి చూసేది. తెలుగావిడే, కానీ అందరితోనూ ఇంగ్లీషులోనో ఒడియాలోనో మాట్లాడుతోంది.

టీ విరామంలో ఆవిడ ఒంటరిగా కిటికీ దగ్గర నిలబడి ఉంది. నేను చీర కుచ్చెళ్ళు సర్దుకుని ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. నోరు తెరిచాను. అర నిమిషం ప్రసంగంలో మొదటి మాట దగ్గర్నుంచి చివరి మాటదాకా ఒక్కటీ రాలేదు. ఆవిడ కనుబొమ్మలు ఎత్తి చూస్తోంది. ఆ భయంలో బరంపురం తెలుగు పిల్ల నోటికి పుట్టుకతో వచ్చిన ప్రశ్న ఒకటుంటుంది కదా, అదే ఊడిపడింది.

"మీ ఇంటిపేరేటండి?"

ఆవిడ ఒక్క క్షణం నివ్వెరపోయి, తర్వాత నెమ్మదిగా తెలుగులో అంది. "నందిగాం వారం. ఎందుకు?"

ఎందుకేమిటి! సూత్రాల్లో రెండోది, కలిసే సంగతి వెతకమని కదా! నాకు ప్రాణం లేచొచ్చింది. "మా నాయనమ్మ చెల్లెల్ని నందిగాం వారికే ఇచ్చేరండి! గిరిసోలలో! అంటే ఆవిడ కూతుళ్ళు మా నాన్నకి అక్కచెల్లెళ్ళు. అంటే మీరు మా నాన్నకి..." అంటూ వేళ్ళు మడుస్తూ లెక్కగట్టేశాను. "మీరు నాకు మేనత్త!"

గిరిసోల నందిగాం వారూ ఈవిడా ఒకటేనా అని ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథే లేదు. వరస కలపాలన్న ఆత్రం వచ్చినప్పుడు మావాళ్ళు ఇలాంటి చిన్న చిన్న సందేహాలు పట్టించుకోరు. విశాలాక్షి గారి మొహంలో ఏదో మెత్తబడింది.

"అత్తనా?" అన్నారు. "ఏదీ, మళ్ళీ అను."

"అత్తా" అన్నాను.

ఆవిడ నవ్వి, తన సాసర్లోని బిస్కట్టు తీసి నాకు పెట్టారు.

ఇంటికొచ్చి సంగతి చెప్పగానే మా అమ్మ ఎగిరి గంతేసింది. నాన్న బడిపంతులు, ప్రతిదానికీ రుజువు కావాలంటారు. పేపరు కాస్త దించి, "గిరిసోల వాళ్ళల్లో ఇలాగ విదేశాలు ఎల్లిన పిల్ల ఉన్నట్టు నేనెప్పుడూ ఇన్లేదే" అన్నారు.

"మీరేటి ఇంటారు, ఆ పేపరు తప్ప!" అంది అమ్మ. "ఇంటి ఆడపడుచు ఇన్నాళ్ళకి ఊరొస్తే భోజనానికి పిలవొద్దేటి?"

నాన్న పేపరు మళ్ళీ పైకెత్తేశారు. మా ఇంట్లో రుజువులు సాధారణంగా అక్కడితో ఆగిపోతాయి.

విశాలాక్షి గారు తమ సంస్థ ఛత్రపూర్ ఆఫీసు పని మీద వచ్చినప్పుడు ఒక ఆదివారం మా ఇంటికి వచ్చారు. అమ్మ ఆవపెట్టిన పనసపొట్టు కూర చేసింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆవిడ తినడం ఆపేశారు. ఘాటు ఎక్కువైందేమోనని అమ్మ కంగారుపడింది.

"కాదు" అన్నారు ఆవిడ. కళ్ళు తుడుచుకున్నారు. "మా అమ్మ ఇలాగే చేసేది. అమ్మ పోయాక ఈ కూర నాకెవరూ వండి పెట్టలేదు."

అంతే, అమ్మ కరిగిపోయింది. వెళ్ళేటప్పుడు బొట్టు పెట్టి, బరంపురం పట్టు చీర చేతిలో పెట్టింది. ఆవిడ వద్దంటే, "ఆడపడుచుకి పెట్టకుండా పంపుతానేటి, సాల్లే వదినా!" అని కసిరింది. ఆ కసురుకి ఆ పెద్ద అధికారిణి చిన్నపిల్లలా చీర గుండెలకి హత్తుకుని జీపెక్కింది. ఆ తర్వాత నెలకి ఒకటి రెండు ఆదివారాలు ఆవిడ మా ఇంట్లోనే. ఇద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటూ, వంటింటి గడప దగ్గర కూర్చుని కబుర్లాడుకునేవారు. ఆవిడ ఇంగ్లీషు పోయింది, పుస్తకాల తెలుగూ పోయింది, చిన్నప్పటి మా వైపు మాట తిరిగొచ్చింది. ఒకసారి జ్వరంతో వస్తే అమ్మ కషాయం కాచి, తన మంచం మీదే పడుకోబెట్టింది.

నేనో? వెబ్‌సైట్ ఆవిడకి మనసులోనే దండం పెట్టుకుంటున్నాను. ఆవిడ చెప్పింది పరిచయం మాత్రమే, నేను ఏకంగా మేనత్తను సంపాదించాను. ఇంతకన్నా నెట్‌వర్కింగ్ ఎవరు చేస్తారు చెప్పండి!

మూడో సూత్రం ప్రకారం సలహా కూడా అడిగాను. నా రెజ్యూమే చూపించాను. అత్త చదివి కళ్ళజోడు తీసేసింది.

"ఇదేటే? సమన్వయం, సామర్థ్యం, భాగస్వామ్యం... ఇందులో నువ్వెక్కడున్నావు?"

"అలాగే రాయాలట అత్తా."

"ఎవులు సెప్పేరు? పోయిన తుఫానుకి నువ్వేటి సేసేవో సెప్పు."

చెప్పాను. ఒక ముసలమ్మ మేకల్ని వదిలి రానని మొండికేస్తే, మేకలతో సహా ఆవిణ్ణి షెల్టరుకి తీసుకొచ్చానని. షెల్టర్లో జనం మేకల్ని చూసి గోల చేస్తే, వరండాలో తడకలు కట్టించి చోటు చేశానని. అది చూసి మిగతా ఇళ్ళవాళ్ళు కూడా పశువుల్ని తోలుకుని దిగారని.

"అదీ! అది రాయి" అంది అత్త. "ఆ మేకల వల్లే ఆ ఊరంతా కదిలింది. నాకు ఇలాంటి మనిషి కావాలి, సమన్వయం నాకెందుకు?"

'నాకు కావాలి' అన్న ఆ ఒక్క మాట నేను మూటగట్టి దాచుకున్నాను. ఎందుకంటే సరిగ్గా ఫిబ్రవరిలో వాళ్ళ సంస్థ ప్రకటన ఇచ్చింది. తీరప్రాంత ఊళ్ళతో పనిచేయడానికి ఛత్రపూర్‌లో ఒక అధికారి కావాలట. నా పని, నా ఊరు, నా ఊళ్ళు! మేకల సంగతి రాసిన రెజ్యూమే పంపించాను. అత్తకి చెప్పలేదు. మూడో సూత్రం గుర్తుంది కదా, ఉద్యోగం అడక్కూడదు. ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. అమ్మకి మాత్రం చెప్పాను. అదే నా రెండో తప్పు.

ఇంటర్వ్యూ గదిలో ముగ్గురున్నారు. మధ్యలో అత్త. నన్ను చూడగానే ఆవిడ మొహం వెలిగి, వెంటనే ముడుచుకుపోయింది. పక్కన పాత్రో బాబు అనే ఆయన, ఉద్యోగుల వ్యవహారాలు చూసేవారు. బరంపురం మనిషే, ఒడియా ఎంత చక్కగానో తెలుగూ అంత చక్కగా మాట్లాడతారు. మూడో ఆయన ఢిల్లీ నుంచి వచ్చారు, నోరు విప్పి ఏమీ అనలేదు.

పాత్రో బాబు గొంతు సవరించుకుని, "అందరినీ మొదట అడిగే ప్రశ్న ఇది. మా ముగ్గురిలో మీకు చుట్టాలెవరైనా ఉన్నారా?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే అత్త కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

"నేనున్నాను. ఈ అమ్మాయికి మేనత్తని. నేను బయటికెళ్తాను."

పాత్రో బాబు తల పట్టుకున్నారు. "మేడమ్, మీరు వెళ్ళినంత మాత్రాన చాలదు కదా. రాష్ట్ర అధిపతికి చుట్టమైతే ఈ రాష్ట్రంలో ఉద్యోగమే ఇవ్వకూడదు. మీరు పెట్టిన నియమమే అది."

"తెలుసు" అంది అత్త చిన్నగా.

నా కళ్ళ ముందు ఛత్రపూర్ ఆఫీసు, జీపు, ఊళ్ళు, మేకలు, అన్నీ వరసగా వెళ్ళిపోవడం కనిపించింది. నేను కూడా లేచి నిలబడ్డాను.

"కాదండీ! ఆవిడ నాకేమీ కారు!"

అంతటితో ఆగకుండా నేనే మళ్ళీ అందుకున్నాను.

"ఒట్టు! గోపాల్‌పూర్‌లో నేనే కల్పించేను. ఇంటిపేరు కలిసిందని అత్తా అనీసేను. మా నాన్నగారికి కూడా నమ్మకం లేదు. ఆవిడెవరో, నేనెవరో!"

పాత్రో బాబు నన్నూ ఆవిణ్ణీ మార్చి మార్చి చూశారు. "ఆవిడేమో అవునంటారు, మీరేమో కాదంటారు. నేనేం రాసుకోవాలి?"

"మా అమ్మనడగండి!" అన్నాను.

పాఠకులారా, ఆ మాట నా నోట్లోంచి ఎందుకు వచ్చిందని నన్ను అడక్కండి. అమ్మ మనసులో మాట దాచుకోదు, నిజం చెప్పేస్తుంది, గొడవ తీరిపోతుంది అనుకున్నాను. ఫోను కలిపి, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాను.

"అమ్మా, ఇంటర్వ్యూ గదిలోంచి మాట్లాడుతున్నాను. పాత్రో బాబుగారు ఒక సంగతి అడుగుతారు, నిజం చెప్పు."

"నమస్కార ఆగ్యా!" అంది అమ్మ ఒడియాలో, మహా మర్యాదగా.

"నమస్కారమమ్మా. విశాలాక్షి మేడమ్ మీకు చుట్టమా?"

ఇక్కడ మా అమ్మ మనసులో ఏం జరిగిందో నేను తర్వాత కనుక్కున్నాను. కూతురు ఇంటర్వ్యూలో ఉంది. అక్కడి పెద్ద అధికారితో చుట్టరికం ఉందా అని అడుగుతున్నారు. అంటే సిఫార్సు కావాలన్నమాట. పిల్ల బతుకు తన మాట మీదే ఉందన్నమాట!

"సుట్టమా అని అడుగుతారేటి బాబూ! సొంత ఆడపడుచు!"

"అమ్మా..." అన్నాను.

"నువ్వూరుకో, పెద్దోళ్ళు మాటాడతన్నప్పుడు! ఆదివారమైతే సాలు, మా ఇంట్లోనే ఉంటాది బాబూ. నా సేతి పనసపొట్టు కూర లేకపోతే ముద్ద దిగదు. మొన్న జొరమొస్తే నా మంచం మీదే పడుకోబెట్టి కసాయం తాగించేను. పట్టు సీర కూడా పెట్టేను. మా వసు అంటే ఆవిడికి ప్రాణం. ఏ కాయితం రాసినా ఆవిడే కూకోబెట్టి దిద్దుతాది!"

"రెజ్యూమే కూడానా అమ్మా?" అన్నారు పాత్రో బాబు.

"అదే, అదే! మేకల కాయితం!"

ఢిల్లీ ఆయనకి తెలుగు రాదు గానీ, బల్ల మీదికి వంగి ఫోన్ని ఎంతో ఆసక్తిగా చూస్తున్నారు. అమ్మ ఆగలేదు. గిరిసోల పెళ్ళి దగ్గర్నుంచి ఎత్తుకుని, మధ్యలో ఇంకో రెండు తరాలు కలిపి, మాకూ విశాలాక్షి గారికీ ఉన్న చుట్టరికాన్ని ఎవరూ విప్పలేనంత గట్టిగా ముడివేసేసింది. చివర్లో, "ఇంకేటైనా కావాలంటే మీరు కూడా మా ఇంటికి రండి బాబూ, భోజనానికి" అని పాత్రో బాబుని కూడా పిలిచింది. ఆయన కంగారుగా ఫోను కట్టేశారు.

నా ఇంటర్వ్యూ అంతటితో ముగిసింది.

బయటికొచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాను. ఉద్యోగం పోయింది. అది బాధే. కానీ దానికన్నా ఎక్కువగా ఒకటి గుచ్చుకుంటోంది. 'ఆవిడ నాకేమీ కారు' అన్నప్పుడు అత్త మొహం చూశాను. ఆవిడ తన చీర కొంగు సర్దుకుంది. అప్పుడు గమనించాను, అది అమ్మ పెట్టిన చీరే.

కాసేపటికి ఆవిడే వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చుంది. నేను తలెత్తలేదు.

"నన్ను క్షమించండి మేడమ్" అన్నాను.

"మేడమేటే?" అంది.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "నిజంగానే నేను కల్పించేనత్తా. ఉద్యోగం కోసం వరస కలిపేను."

"తెలుసే."

"ఏటి తెలుసు?"

"మా నందిగాం వారిది పర్లాకిమిడి. గిరిసోల వాళ్ళతో మాకు ఏ సుట్టరికమూ లేదు. నువ్వు గోపాల్‌పూర్‌లో ఏళ్ళు మడుస్తన్నప్పుడే తెలుసు."

నేను నోరు తెరుచుకుని చూశాను. "మరి అప్పుడే సెప్పొచ్చు కదా!"

ఆవిడ రోడ్డు వైపు చూస్తూ మాట్లాడింది. "ఎన్ని దేశాలు తిరిగేనో, అందరూ మేడమ్ అన్నోళ్ళే. నాకు అన్నదమ్ముల్లేరు, నన్ను అత్తా అనీవాళ్ళు ఎక్కడినించి వస్తారే? నువ్వు అన్నావు. సెప్పీడానికి నోరు రాలేదు."

"అయితే ఇందాక పాత్రో బాబుతో లేదని సెప్పాల్సింది! అది నిజమే కదా!"

"మీ అమ్మ మంచం మీద పడుకుని, మీ అమ్మ సేతి కసాయం తాగి, ఈ సీర కట్టుకుని, నువ్వు నాకేమీ కావని ఎలాగ సెప్తానే? అదీ అబద్ధం." నా తల మీద చెయ్యి వేసింది. "నువ్వు మంచి పనిమంతురాలివి. నాకు రాసిపెట్టి లేదు, ఇంకొకరికి దొరుకుతావు. నేను మాత్రం ఎవరికీ ఒక్క మాట కూడా సెప్పను, తెల్సిందా? నీ మేకలే సెప్తాయి."

అన్నట్టే ఎవరికీ చెప్పలేదు. కానీ మేకలు చెప్పాయి. మార్చి దాటాక నేను ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాను, చివరికి వర్షాలు మొదలయ్యేసరికి అదే తీరంలో పనిచేసే మరో సంస్థలో నాకు ఉద్యోగం వచ్చింది. అక్కడి ఇంటర్వ్యూలో ఎవరి ఇంటిపేరూ అడగలేదు. పెద్దాయన తెలుగాయనలాగే ఉన్నారు, నాలుక చివరిదాకా వచ్చింది, గట్టిగా కరుచుకున్నాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

అత్త రిటైరై బరంపురంలోనే ఇల్లు తీసుకుంది, మా వీధికి రెండు వీధులవతల. ప్రతి ఆదివారం పనసపొట్టు కూరలో నా వాటా సగం ఆవిడ పళ్ళెంలోకి పోతుంది. మా అమ్మ మాత్రం ఈనాటికీ వచ్చినవాళ్ళందరికీ ఒకటే చెబుతుంది.

"ఆ రోజు నేను ఫోన్లో గట్టిగా సెప్పబట్టే కదా, మా పిల్లకి ఉద్యోగం వచ్చింది!"

"కాదమ్మా, ఆ ఉద్యోగం వేరు, ఈ ఉద్యోగం..." అని నేను మొదలెడతాను.

"నీకేటి తెలుసే, వదిన మాటే పనిచేసింది" అంటుంది అత్త, నా వాటా కూర కలుపుకుంటూ. నాన్న పేపరు పైకెత్తేస్తారు.

కాబట్టి మీ అందరి సమక్షంలో, ఆ పనసపొట్టు కూర మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇకమీదట నాకు ఉద్యోగం ఇవ్వగలిగిన మనిషిని ఇంటిపేరు అడగను. వేళ్ళు మడిచి వరస కలపను. ఉత్తర్వు కాగితం చేతికొచ్చేదాకా భోజనానికి పిలవను. మిన్ను విరిగి మీద పడినా సరే, ఇంటర్వ్యూ గదిలోంచి మా అమ్మకి ఫోను చెయ్యను.